డిప్‌స్టిక్ తుడిచి మళ్లీ పెట్టు రా: మన ఎండలో నాలుగు సిలిండర్ల పెట్రోల్ ఇంజన్‌ను చూసుకునే పద్ధతి

పోయిన కార్తీకంలో ఒకరోజు పొద్దున ఆరున్నరకు మా మేనల్లుడు ఫోన్ చేశాడు. మిర్యాలగూడలో సెకండ్ హ్యాండ్ పెట్రోల్ స్విఫ్ట్, 2013 మోడల్, కొని అప్పటికి నాలుగు నెలలు.

"మామా, మీటర్ల ఆయిల్ డబ్బా లెక్క ఎర్ర లైటు వస్తుంది. నల్గొండ వచ్చినంక చూపిస్త. ఏం కాదు గదా?"

"బండి నడుస్తుందా, ఆపినవా?"

"నడుస్తుంది. ఇప్పుడే తిప్పర్తి దాటిన."

"ముందు పక్కకు ఆపి ఇంజన్ బంద్ చెయ్ రా. ముచ్చట తర్వాత."

ఇంట్లో ఉన్న ఆయిల్ డబ్బా తీసుకుని పోయాను. ఆయిల్ మట్టం చూసే కడ్డీ, అదే డిప్‌స్టిక్, తీస్తే కొసకు కూడా తడి లేదు. లీటరున్నర పోస్తే గానీ పై గీత దాకా రాలేదు. ఆ ఇంజన్‌లో పట్టేదే మూడు లీటర్ల పైచిలుకు. అంటే వాడు సగం ఆయిల్‌తో తిరుగుతున్నాడు. వాడి అదృష్టం, బేరింగులు బతికాయి. "కొన్నప్పుడు ఆయిల్ మార్పించిన గదా మామా" అన్నాడు. మార్పించడం వేరు, చూసుకోవడం వేరు. వాడి కోసం ఆ రాత్రే ఒక నోట్‌బుక్‌లో రాయడం మొదలుపెట్టాను. ఇది దానికే కొంచెం పొడిగింపు.

నేను మెకానిక్‌ను కాను. జిల్లా పరిషత్ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్తాను. నా దగ్గర ఉన్నది కూడా అదే స్విఫ్ట్, అదే సంవత్సరం, కొత్తగా షోరూంలో తీసుకున్నది. ఇప్పటికి 1,86,000 కిలోమీటర్లు తిరిగింది. ఈ పన్నెండేళ్లలో నేర్చుకున్నదాంట్లో సగం మా మెకానిక్ భాయ్ షెడ్డులో నిలబడి చూసింది, మిగతా సగం నా చేతులతో చెడగొట్టుకుని తెలుసుకున్నది.

ముందు ఇంజన్ సంగతి. ఇది మారుతి కే సిరీస్ 1.2. సిలిండర్ వ్యాసం, అంటే బోర్, 73 మిల్లీమీటర్లు. పిస్టన్ కింది నుంచి పైకి నడిచే దూరం, స్ట్రోక్, 71.5. పదో తరగతి పిల్లలతో ఒకసారి బోర్డు మీద లెక్క చేయించాను: 0.7854 × 7.3 × 7.3 × 7.15 × 4. సరిగ్గా 1197 సీసీ వచ్చింది. బ్రోచర్లో అచ్చేసే అంకె ఎక్కడి నుంచి వస్తుందో తెలిసి వాళ్లు చాలా సంబరపడ్డారు. సిలిండర్‌కు నాలుగు చొప్పున పదహారు వాల్వులు. పవర్ 6000 ఆర్‌పీఎం దగ్గర 87 పీఎస్, టార్క్ 4000 దగ్గర 114 న్యూటన్ మీటర్లు. 2005లో స్విఫ్ట్ మన దేశానికి వచ్చినప్పుడు ఇందులో 1298 సీసీ ఇంజన్ ఉండేది. 2010లో దాని స్థానంలో ఈ 1197 వచ్చింది. 2024లో వచ్చిన కొత్త స్విఫ్ట్‌లో సీసీ మారలేదు గానీ సిలిండర్లు మూడే.

నాలుగుకూ మూడుకూ తేడా ఏమిటని మా మేనల్లుడు అడిగాడు. మా ఊళ్లో పసుపు కొమ్ములు దంచేటప్పుడు ఒకే రోలు చుట్టూ నలుగురు ఆడవాళ్లు నిలబడి, ఒకరి రోకలి లేస్తుంటే ఇంకొకరిది పడేలా వరస తప్పకుండా వేసేవాళ్లు. ఈ ఇంజన్‌లోనూ అంతే. 1-3-4-2 వరసలో, పిస్టన్లు తిప్పే ఇరుసు, అంటే క్రాంక్, ప్రతి అర చుట్టుకూ ఒక సిలిండర్ మండుతుంది. మూడు సిలిండర్లయితే 240 డిగ్రీలకు ఒకసారి. దెబ్బకూ దెబ్బకూ మధ్య ఎడం పెరుగుతుంది, అందుకే ట్రాఫిక్‌లో ఆగి ఉన్నప్పుడు స్టీరింగ్‌లో ఆ వణుకు చేతికి తెలుస్తుంది. నాలుగు సిలిండర్ల ఇంజన్ ఆగి ఉంటే నడుస్తోందో లేదో అనుమానం వస్తుంది. దీని మంచితనంతో వచ్చే ప్రమాదం కూడా ఇదే. ఆయిల్ సగం ఉన్నా, ఇంజన్‌ను చల్లబరిచే కూలెంట్ తక్కువున్నా చాలాకాలం సప్పుడు చేయదు, గొణగదు. గొణిగేసరికి ఖర్చు వేలల్లోకి వెళ్తుంది.

ఆయిల్ చూసే పద్ధతి చెప్తాను, ఎందుకంటే పదిమందిలో ఎనిమిది మంది తప్పుగా చూస్తారు. బండి సమమైన నేల మీద ఉండాలి. మా ఇంటి ముందు ర్యాంపు మీద పెట్టి చూస్తే లెక్క తప్పుతుంది. ఇంజన్ ఆపి కనీసం ఐదు పది నిమిషాలు ఆగాలి, పైనున్న ఆయిల్ అంతా ఇంజన్ అడుగున ఉండే సంపులోకి దిగాలి కదా. డిప్‌స్టిక్ బయటికి లాగి గుడ్డతో శుభ్రంగా తుడవాలి. మళ్లీ చివరిదాకా గుచ్చి, తీసి, అప్పుడు చూడాలి. మొదటిసారి లాగినప్పుడు కనిపించేది నమ్మకూడదు, గొట్టం గోడలకు అంటుకున్న ఆయిల్ కడ్డీ మీద పైదాకా పూసుకుని ఉంటుంది. రెండు గీతల మధ్య తేడా దాదాపు లీటరు. పై గీతకు కొంచెం కింద ఉంటే చాలు, గీత దాటించి పోయొద్దు. ఎక్కువైన ఆయిల్‌ను క్రాంక్ చిలికి నురగ చేస్తుంది, నురగకు ప్రెషర్ నిలవదు.

ఆ డబ్బా బొమ్మ లైటు గురించి ఇంకొక్క మాట. అది ఆయిల్ ఎంత ఉందో చెప్పదు, ఆయిల్ ప్రెషర్ ఉందో లేదో చెప్తుంది. అది వెలిగిందంటే బేరింగులకు ఆయిల్ చాలడం లేదని అర్థం. "ఇంకో ఇరవై కిలోమీటర్లే కదా" అనుకునే వీలు లేదు. తాళం తిప్పినప్పుడు వెలిగి, స్టార్ట్ కాగానే ఆరిపోతే మంచిది. తాళం తిప్పినప్పుడు అసలు వెలగకపోతే బల్బో సెన్సరో పోయిందని అనుమానించాలి. అమ్మేవాళ్లలో కొందరు ఇలాంటి లైట్లు తీయించి అమ్ముతారు, కాబట్టి సెకండ్ హ్యాండ్ బండి చూసేటప్పుడు నేను మొదట చూసేది ఇదే.

మా మేనల్లుడి బండిలో ఆయిల్ ఎటు పోయింది? వెనక నీలం పొగ వస్తే ఇంజన్ తాగుతోందని అర్థం. పొగ లేదు. మా భాయ్ టార్చి వేసి చూసి, "సార్, హెడ్ కవర్ గ్యాస్కెట్ నుంచి కారుతుంది, చూడండి మట్టి ఎట్లా అతుక్కుందో" అన్నాడు. ఆయిల్ తడి ఉన్నచోట మన ఎర్రమట్టి ముద్దలా పట్టుకుంటుంది, అదే ఆనవాలు. ఇంజన్ పై మూత కింద ఉండే ఆ రబ్బరు గ్యాస్కెట్ మార్చడంతో పని అయిపోయింది.

ఎప్పుడు మార్చాలి? కంపెనీ లెక్క పదివేల కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందైతే అది. నేను ఏడున్నర వేలకే మారుస్తాను. ఎండ, దుమ్ము, స్కూలుకు పోను రాను ఆరేసి కిలోమీటర్ల చిన్న తిరుగుడు, ఈ మూడూ ఆయిల్‌కు కష్టమే. గ్రేడు, అంటే ఆయిల్ చిక్కదనం, మాన్యువల్‌లో రాసిందే. నేను వాడేది 5డబ్ల్యూ-30. "ఎండాకాలం వస్తుంది, చిక్కటి 20డబ్ల్యూ-50 పోయించుకో" అని బంకు దగ్గర సలహా చెప్పే పెద్దమనుషులు మనకు కొదవ లేదు. వాళ్ల కాలం అంబాసిడర్‌కు అది సరిపోయేది. ఈ ఇంజన్‌లో వాల్వుల టైమింగ్‌ను మార్చే వీవీటీ కూడా ఆయిల్ ప్రెషర్‌తోనే పనిచేస్తుంది, దారులు సన్నవి. పొద్దున స్టార్ట్ చేసినప్పుడు చిక్కటి ఆయిల్ పైకి చేరేదాకా మెటల్ మీద మెటల్ నడుస్తుంది. ఇంజన్ అరుగుదలలో పెద్ద భాగం అప్పుడే జరుగుతుంది.

క్రాంక్ తిరుగుడుకు తగ్గట్టు వాల్వులను తెరిపించే టైమింగ్ చైన్ సంగతీ ఆయిల్‌తోనే ముడిపడి ఉంది. పాత 1.3 ఇంజన్‌లో టైమింగ్ బెల్టు ఉండేది, లక్ష కిలోమీటర్లకు మార్చాల్సిందే. ఇందులో చైన్. దానికి మార్చే గడువు లేదు కాబట్టి జీవితాంతం పట్టించుకోనక్కరలేదని అందరూ అనుకుంటారు. ఆ చైన్‌ను బిగువుగా పట్టి ఉంచే టెన్షనర్‌ను నెట్టేది ఆయిలే. ఆయిల్ నల్లగా, జిగటగా మారేదాకా వదిలేస్తే పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు రెండు మూడు సెకన్లు గలగలమని మోగుతుంది. అది విన్నారంటే ఆలస్యం చేయొద్దు.

ఇక నీళ్లు. ఇది నా సొంత తప్పు కథ.

2017 మేలో అచ్చంపేటలో పెళ్లికి పోతూ కొండమల్లేపల్లి దాటాక రేడియేటర్ కింది గొట్టం దగ్గర కారడం చూశాను. దగ్గర్లో బత్తాయి తోట ఉంది. అక్కడున్న ముసలమ్మ బోరు దగ్గర బిందె నింపి ఇచ్చింది. గొట్టం క్లిప్పు బిగించి, ఇంజన్ చల్లారాక ఆ నీళ్లు పోసి పెళ్లికి పోయాం. ఆమె చేసిన సాయంలో తప్పేమీ లేదు. ఆ నీళ్లను అలాగే ఏడాది పాటు వదిలేయడం నా తప్పు. పైగా తగ్గినప్పుడల్లా ఇంటి బోరు నీళ్లే కలిపాను, సైన్స్ సారునై ఉండి.

మరుసటి ఎండాకాలం పానగల్లు దగ్గర ఇంజన్ వేడెక్కిందని చెప్పే ఎర్ర లైటు వెలిగింది. రేడియేటర్ విప్పితే లోపల చాయ్ గిన్నె అడుగున పట్టినట్టు తెల్లటి పొర. ఇంజన్ పై భాగమైన హెడ్‌కూ కింది బ్లాకుకూ మధ్య సీలు వేసే హెడ్ గ్యాస్కెట్ ఎగిరిపోయింది, హెడ్ వంగింది. హైదరాబాద్ పంపి హెడ్ ఫేసింగ్, అంటే వంగినదాన్ని చదును, చేయించి, గ్యాస్కెట్, రేడియేటర్, వాటర్ పంప్ అన్నీ కలిపి ఇరవై ఆరు వేలు అయింది. ఈ ఇంజన్‌లో హెడ్డూ బ్లాకూ రెండూ అల్యూమినియమే. తేలిక, వేడి త్వరగా వదులుతుంది, కానీ ఒక్కసారి మితిమీరి కాగితే పాత ఇనుప బ్లాకుల్లా ఓర్చుకోదు.

మన జిల్లా నీళ్లంటే అందరికీ ఫ్లోరైడే గుర్తొస్తుంది. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు వైపు ఆ నీళ్లు తాగి ఎముకలు వంగిన వాళ్లను చూసినవాళ్లం. పటికా సున్నమూ వేసి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి ప్రపంచమంతా మన ఊరి పేరే, నల్గొండ టెక్నిక్. కానీ రేడియేటర్‌ను చంపేది ఫ్లోరైడ్ కాదు, నీటి గట్టిదనం. అంటే కాల్షియం, మెగ్నీషియం. వేడి తగలగానే అవి పొరగా దిగుతాయి. ఆ పొర వేడిని బయటికి పోనివ్వదు, సన్న గొట్టాలను మూసేస్తుంది. మిషన్ భగీరథ నల్లా నీళ్లు బోరు నీళ్లకంటే నయమే, అయినా అవి తాగడానికి. రేడియేటర్‌లోకి డిస్టిల్డ్ వాటరే పోయాలి. బ్యాటరీ షాపులో ఐదు లీటర్ల డబ్బా దొరుకుతుంది. ఏసీ కింద కారే నీళ్లు పట్టి పోసేవాళ్లు ఉన్నారు. ఆ నీళ్లు దుమ్ము పట్టిన కూలింగ్ కాయిల్ మీద నుంచి వచ్చినవి, నేనైతే మొక్కలకు పోస్తాను.

కూలెంట్‌కూ నీళ్లకూ సగం సగం పాళ్లు. "మంచు పడదు కదా, మనకు కూలెంట్ ఎందుకు" అంటారు. గడ్డకట్టకుండా ఆపడం దాని ఒక పని మాత్రమే. మరిగే పాయింట్ పెంచుతుంది, తుప్పు ఆపుతుంది, పంప్‌కు మేలు చేస్తుంది. రేడియేటర్ మూత కూడా కుక్కర్ వెయిట్ లాంటిదే. లోపల ఒత్తిడి నిలిపితే ఆ మిశ్రమం 120 డిగ్రీలు దాటేదాకా మరగదు. మూతకున్న రబ్బరు ఎండిపోతే ఒత్తిడి నిలవదు. మూత కొత్తది కొనడానికి అయ్యే ఖర్చు రెండు బిర్యానీలంత కూడా ఉండదు.

చూసుకునే పద్ధతి: పొద్దున్నే, ఇంజన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు, పక్కనున్న తెల్ల డబ్బాలో మట్టం రెండు గీతల మధ్య ఉందో లేదో చూడాలి. నెలనెలా తగ్గుతుంటే పోస్తూ కూర్చోవద్దు, ఎటు పోతోందో వెతకాలి. ఆయిల్ మూత కింద మజ్జిగ రంగు జిగట, సైలెన్సర్ నుంచి ఆగని తెల్ల పొగ, డబ్బాలో బుడగలు, ఈ మూడింటిలో ఏది కనిపించినా హెడ్ గ్యాస్కెట్‌ను అనుమానించండి. చలికాలం పొద్దున కాసేపు వచ్చే తెల్ల ఆవిరికి భయపడనక్కరలేదు. రంగు వేరే కూలెంట్ కలపవద్దు. ఏ రకం ఉందో తెలియకపోతే మొత్తం దించి, డిస్టిల్డ్ వాటర్‌తో రెండుసార్లు కడిగి కొత్తది పోయించండి. పోశాక మూత తీసే ఉంచి, హీటర్ ఫుల్ పెట్టి, ఫ్యాన్ రెండుసార్లు తిరిగేదాకా ఇంజన్ నడపాలి, లోపలి గాలి బయటికి వచ్చేస్తుంది.

దారిలో వేడెక్కిందనుకోండి. ఏసీ కట్టేసి, హీటర్ ఫుల్ పెట్టి, అద్దాలు దించండి. మే నెలలో హీటర్ ఏమిటని నవ్వొద్దు, అది ఇంజన్ వేడిని లాగి మన మీదికి వదిలే చిన్న రేడియేటర్. మెల్లగా పక్కకు తీసుకోండి. ఆవిరి వస్తున్నా, కూలెంట్ కారుతున్నా వెంటనే బంద్ చేయండి. ముప్పావు గంట దాకా మూత ముట్టుకోవద్దు, కాగిన ఇంజన్ మీద చల్లటి నీళ్లు గుమ్మరించొద్దు. మా కాలనీలో ఒకాయన ముఖానికి కాలిన మచ్చ ఇప్పటికీ ఉంది.

బండి లోపలి కంప్యూటర్ చెప్పేది చదివే ఓబీడీ రీడర్ ఒకటి కొని పెట్టుకున్నాను. అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్దది, స్టీరింగ్ కింద సాకెట్‌కు గుచ్చితే బ్లూటూత్‌తో ఫోన్‌లో అన్నీ చూపిస్తుంది. మామూలుగా నా బండి కూలెంట్ 88 నుంచి 95 మధ్య ఉంటుంది. మేలో మధ్యాహ్నం గడియారం సెంటర్ ట్రాఫిక్‌లో 99 చూశాను, ఫ్యాన్ తిరిగి మళ్లీ దించింది. ఆ అంకెలు తెలిసినప్పటి నుంచి టెన్షన్ తగ్గింది.

అదే రీడర్ మిస్సింగ్, అంటే ఏదో ఒక సిలిండర్ సరిగ్గా మండకపోవడం, పట్టడానికీ పనికొస్తుంది. బండి కుదుపుతూ, పికప్ లేక, పసుపు ఇంజన్ లైటు వెలిగిందంటే కోడ్ చదవండి. పీ0301 అంటే ఒకటో సిలిండర్, పీ0304 అంటే నాలుగోది. ఈ ఇంజన్‌లో ప్రతి ప్లగ్ మీదా విడిగా ఒక కాయిల్ కూర్చుని ఉంటుంది. రెండో సిలిండర్ మిస్ అవుతుంటే దాని కాయిల్‌ను మూడోదానికి మార్చి, కోడ్ చెరిపి, ఒక రౌండ్ తిప్పి రండి. ఈసారి పీ0303 వస్తే దొంగ కాయిల్. మళ్లీ పీ0302 వస్తే ప్లగ్‌నో ఇంజెక్టర్‌నో చూడాలి. ఒక చోట నాకు నాలుగు కాయిళ్లూ మార్చాలని పదివేల పైన లెక్క రాసిచ్చారు. ఈ పద్ధతిలో ఒక్కటే పోయిందని తేలింది. పసుపు లైటు నిలకడగా ఉంటే మెల్లగా షెడ్డుకు పోవచ్చు. మిణుకుమిణుకుమంటుంటే మాత్రం తొక్కొద్దు. మండని పెట్రోల్ పొగ గొట్టం దారిలో పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి అక్కడ మండుతుంది. ఆ కన్వర్టర్ ధర వింటే బండి అమ్మేయాలనిపిస్తుంది.

ప్లగ్గులు మామూలువైతే 40,000 కిలోమీటర్లలోపు, ఇరిడియం అయితే లక్ష దాకా. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే విప్పాలి. హెడ్ అల్యూమినియం కాబట్టి ముందు చేత్తో మర తిప్పి, ఆనాక పానాతో సుమారు అర చుట్టు, అంతే. బలం చూపిస్తే మర పోతుంది.

ఎయిర్ ఫిల్టర్ నాకు రెండేళ్లు కూడా రాదు. క్రషర్ల పక్క రోడ్డు మీద నడిచే బండికి పుస్తకంలో రాసిన గడువు నమ్మొద్దు, వెలుతురుకు పట్టి చూసి మార్చేయండి. ఫ్యాన్ బెల్టు పొద్దున కీచుమంటే పగుళ్లు చూడండి.

పెట్రోల్ గురించి అందరూ అడుగుతారు. 2025 నుంచి బంకుల్లో వస్తున్నది దాదాపు అంతా ఈ20, అంటే ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. ఇథనాల్‌లో పెట్రోల్ కంటే శక్తి మూడో వంతు తక్కువ కాబట్టి మైలేజీ కొంత తగ్గడం లెక్క ప్రకారమే జరగాలి. నాకు హైవే మీద 17 వచ్చేది, 16 వస్తోంది. 2023 ఏప్రిల్‌కు ముందు తయారైన బండ్లలో రబ్బరు గొట్టాలు దీన్ని దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు. కాబట్టి సర్వీసుకు పోయినప్పుడల్లా పెట్రోల్ గొట్టాలు మెత్తబడ్డాయా, పగిలాయా, వాసన వస్తోందా చూపించండి. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది. సెలవుల్లో నెలల తరబడి బండి నిలిపేటట్టయితే పాత పెట్రోల్ అడుగున పెట్టి వదిలేయకండి, అప్పుడప్పుడు తిప్పి కొత్తది నింపండి.

మిర్యాలగూడ వైపు వాళ్లకు ఇంకో రెండు ఉన్నాయి, ఇవి ఏ మాన్యువల్‌లోనూ ఉండవు. కోతల కాలంలో రోడ్డు మీద వడ్లు ఆరబోస్తారు, గడ్డి పరుస్తారు. గడ్డి మీద నుంచి పోతే అది కింద సైలెన్సర్‌కు చుట్టుకుంటుంది. కన్వర్టర్ వేడి వందల డిగ్రీలు, అంటుకోవడానికి ఎంతసేపు? వీలైతే పక్క నుంచి పోండి, తప్పకపోతే దాటాక ఆగి కిందికి వంగి చూడండి. గడ్డి మీద మాత్రం బండి ఆపి పెట్టొద్దు. తాలు, పొట్టు వచ్చి రేడియేటర్ ముందు జల్లెడలా అడ్డం పడతాయి. ఇంజన్ వైపు నుంచి బయటికి, తక్కువ ప్రెషర్ నీళ్లతో కడగాలి. పెద్ద గన్ పెట్టి కొడితే రెక్కలు వంగిపోతాయి. రెండోది ఎలుకలు. మిల్లుల దగ్గర పెట్టిన బండిలో వైర్లు కొరికేస్తాయి. కలరా ఉండలు, పొగాకు కాడలు అన్నీ వాడి చూశాను, మా ఎలుకలకు వాటి మీద గౌరవం లేదు. రాత్రిపూట బానెట్ ఎత్తి పెట్టడం కొంత పనిచేసింది, వాటికి కావాల్సింది చీకటీ వెచ్చదనమూ.

ఇప్పుడు మా మేనల్లుడు ప్రతి నెలా మొదటి ఆదివారం డిప్‌స్టిక్ ఫోటో పంపిస్తున్నాడు. మొన్న వచ్చిన ఫోటోలో ఆయిల్ పై గీత దాటి రెండు అంగుళాల దాకా ఉంది. ఫోన్ చేసి అడిగాను.

"తుడిచి మళ్లీ పెట్టినవా?"

"తుడవాల్నా మామా?"